ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడు మొదలవుతుంది?

తెలుగు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు



మీరు ఆమోదించిన ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ గురించి ఈ ఉత్తరం. ఏ కాలేజీలోనైనా ఆ ల్యాబ్ రికార్డు తెరిచి చూడండి. మొదట ఎఫ్‌సీఎఫ్‌ఎస్ షెడ్యూలింగ్‌కు సీ ప్రోగ్రాం ఉంటుంది. తర్వాత ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్, ప్రయారిటీ. ఆపైన బ్యాంకర్స్ అల్గారిథం, సెమాఫోర్లతో ప్రొడ్యూసర్-కన్స్యూమర్, పైపులు, షేర్డ్ మెమరీ, పేజ్ రీప్లేస్‌మెంట్. బర్స్ట్ టైములు కీబోర్డు మీద కొడితే సగటు వెయిటింగ్ టైమ్ తెర మీద వస్తుంది. దాన్ని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. పక్కవాడి రికార్డులోనూ అవే బర్స్ట్ టైములు ఉంటాయి, అది వేరే సంగతి.

ఇవి పనికిరాని ప్రయోగాలని నేననను. కాకపోతే ఇవన్నీ అప్పటికే లేచి నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ మీద రాసే మామూలు సీ ప్రోగ్రాములు. అసలు అది ఎలా లేచింది, ఎవరు లేపారు, లేవకపోతే ఏం చేయాలి అని చూపించే ప్రయోగం ఒక్కటీ లేదు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ పేపరు ప్రాసెసర్ దగ్గర ఆగిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు ప్రాసెస్ దగ్గర మొదలవుతుంది. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా జరిగే కథ ఈ రెండింటి మధ్య ఎవరికీ చెందకుండా ఉండిపోయింది. మహా అయితే ‘బూట్‌స్ట్రాప్ ప్రోగ్రాం అనగానేమి?’ అని రెండు మార్కుల ప్రశ్న.

సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. కొత్తగా చేరే పిల్లలు తెలివైనవాళ్ళు. బ్యాంకర్స్ అల్గారిథం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మెషిన్ లేవక, నల్లటి తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అని ప్రాంప్ట్ వచ్చి ఆగిపోతే మాత్రం కీబోర్డు మీద నుంచి చేతులు తీసేస్తారు. ఆ తర్వాత వినిపించే మాట ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్.’ తప్పు వాళ్ళది కాదు. ఆ తెర ముందు వాళ్ళను ఎవరూ ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. నేను అడగబోయేది అందుకే చాలా చిన్నది: ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో, సిస్టమ్‌ను లేపే బూట్ లోడర్‌కు రెండు సెషన్లు ఇవ్వండి.

ఇదేదో లినక్స్ పిచ్చివాళ్ళ ముచ్చట అనుకోకండి. 2024 జూలై 19, శుక్రవారం గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంపెనీ ఆ అప్‌డేట్‌ను గంటన్నర లోపే వెనక్కి తీసుకుంది. అయినా మెషిన్లు రోజుల తరబడి పడే ఉన్నాయి. సరిచేసిన ఫైలు అందుకోవాలంటే మెషిన్ ముందు పూర్తిగా లేచి నెట్‌వర్క్‌లోకి రావాలి. పాత ఫైలేమో అది లేచేలోపే పడగొడుతోంది. ఎక్కువ మెషిన్లకు ఉన్న దారి ఒకటే. స్టార్టప్ మధ్యలో పట్టుకుని, సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో మళ్ళించి, డ్రైవర్ల ఫోల్డర్‌లోని ఆ ఒక్క ఫైలు తీసేసి, మళ్ళీ మామూలుగా లేపాలి. డిస్కుకు బిట్‌లాకర్ ఉంటే దానికి ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఒక్కో మెషిన్ దగ్గరికి మనిషి వెళ్ళి చేయాల్సిన పని అది. ఆ వారం ప్రపంచానికి కావాల్సి వచ్చిన నైపుణ్యం షెడ్యూలింగ్ కాదు, పేజ్ రీప్లేస్‌మెంట్ కాదు. మెషిన్ మొదలయ్యే దారి తెలిసిన చేతులు కావాల్సి వచ్చాయి.

ఆ దారిలో చదువుకోవడానికి ఏముంది అంటారేమో. పాత బయాస్ మెషిన్‌తో మొదలుపెడితే పిల్లలు ముచ్చటపడే విషయం ఒకటుంది. బయాస్ తన పరీక్షలు ముగించుకుని, డిస్కులోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను, మెమరీలోకి తెస్తుంది. చివరి రెండు బైట్లు 55, ఏఏ అవునో కాదో చూసి ప్రాసెసర్‌ను అక్కడికి దూకమంటుంది. దాని బాధ్యత అంతటితో సరి. ఆ 512లో పార్టిషన్ టేబుల్‌కు 64, ఆ గుర్తుకు 2 పోతే ప్రోగ్రాంకు మిగిలేది 446 బైట్లు. ఈ పేరాలోని మొదటి మూడు వాక్యాలను యూనికోడ్‌లో (యూటీఎఫ్-8) దాస్తే అంతకన్నా ఎక్కువ చోటు తింటాయి.

446 బైట్లలో ఫైల్‌సిస్టమ్ చదివే ప్రోగ్రాం పట్టదు. అందుకని లినక్స్ మెషిన్లను లేపే గ్రబ్ అనే బూట్ లోడర్ తనను తాను ముక్కలు చేసుకుంది. మొదటి ముక్కకు తెలిసింది రెండో ముక్క ఏ సెక్టార్‌లో ఉందో, అంతే. ఆ రెండోది పార్టిషన్లు మొదలవడానికి ముందున్న ఖాళీ జాగాలో ఉంటుంది. అది లేచాక ఫైల్‌సిస్టమ్ చదవడం మొదలుపెట్టి, తన మాడ్యూళ్ళను, మెనూను డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. రెండో ముక్క లేచి, తన ఫోల్డర్ దొరక్క ఆగిపోతే వచ్చేదే పిల్లలు భయపడే ఆ ‘గ్రబ్ రెస్క్యూ’ ప్రాంప్ట్. అది చెబుతున్నది ఇంతే: నేను లేచాను, నా ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పు. ఏ డిస్కులో, ఎన్నో పార్టిషన్‌లో ఉన్నాయో చెబితే అది మిగతా దారి తనే నడుస్తుంది. అలా చెప్పే నాలుగు లైన్లు తెలియక ఎన్ని హార్డ్ డిస్కులు, ఎంతమంది ప్రాజెక్టు రిపోర్టులతో సహా, ఫార్మాట్ అయిపోయాయో!

ఇప్పటి యూఈఎఫ్ఐ మెషిన్లలో ఆ ఇరుకు లేదు. ఫర్మ్‌వేర్‌కే ఫ్యాట్ పార్టిషన్ చదవడం వచ్చు. అందులో విండోస్‌కు ఒక ఫోల్డర్, ఉబుంటుకు ఒక ఫోల్డర్, వాటిలో మామూలు ఫైళ్ళలాగే బూట్ లోడర్లు. దేన్ని ముందు పిలవాలో మదర్‌బోర్డు మీదున్న చిన్న మెమరీలో వరసగా రాసి ఉంటుంది. విండోస్ అప్‌డేట్ అయ్యాక ‘లినక్స్ పోయింది సార్’ అని పిల్లలు పరిగెత్తుకు వస్తే, చాలాసార్లు పోయింది ఏమీ ఉండదు. ఆ వరసలో విండోస్ బూట్ మేనేజర్ ముందుకు జరిగి ఉంటుంది. సెటప్‌లోకి వెళ్ళి వరస మారిస్తే లినక్స్ మళ్ళీ ప్రత్యక్షం.

చరిత్ర కొంచెం చెప్పి అసలు విషయానికి వస్తాను. ఎరిక్ బోలిన్ 1995లో గ్నూ హర్డ్ అనే సిస్టమ్‌ను బూట్ చేసే ప్రయత్నంలో గ్రబ్‌కు పునాది వేశాడు. అంతకుముందు నుంచీ లినక్స్‌లో వెర్నర్ అల్మెస్‌బెర్గర్ రాసిన లిలో అనే బూట్ లోడర్ ఉండేది. దానికి ఫైల్‌సిస్టమ్ తెలియదు. కెర్నెల్ డిస్కు మీద ఏ బ్లాకుల్లో ఉందో ముందే రాసిపెట్టుకునేది. కెర్నెల్ మార్చి లిలోను మళ్ళీ నడపడం మర్చిపోతే మర్నాడు మెషిన్ లేచేది కాదు. కానీ దాని మర్యాద ఒకటి నాకిష్టం. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా తన ఇంగ్లిష్ పేరులో ఒక్కో అక్షరం తెర మీద రాసేది. నాలుగు అక్షరాలూ పడితే అంతా బాగున్నట్టు, ‘ఎల్ఐ’ దగ్గర ఆగితే రెండో దశ లోడయింది గానీ నడవలేదని. ఇప్పటి కంపెనీ లోగోలు, గిరగిర తిరిగే చుక్కలు అంత కూడా చెప్పవు.

సన్ వర్క్‌స్టేషన్ల సంగతి ఇంకా బాగుండేది. ‘స్టాప్’, ‘ఏ’ కీలు కలిపి నొక్కితే నడుస్తున్న సొలారిస్ ఎక్కడికక్కడ ఆగిపోయి ‘ఓకే’ అనే ప్రాంప్ట్ వచ్చేది. బోర్డులోని చిప్‌లోనే ఒక ఫోర్త్ భాషా వ్యవస్థ ఉండేది, ఓపెన్‌బూట్ అనేవారు. ‘బూట్ నెట్’ అంటే నెట్‌వర్క్ నుంచి, ‘బూట్ సీడీరామ్’ అంటే సీడీ నుంచి, ‘బూట్ మైనస్ ఎస్’ అంటే సింగిల్ యూజర్‌లో లేచేది. 1994లో అది ఐఈఈఈ 1275 ప్రమాణంగా కూడా వచ్చింది. దాంట్లో సెక్యూరిటీ మోడ్ అని ఒక సెట్టింగ్ ఉండేది. ఏమీ లేకుండా వదిలేస్తే ఎవరైనా ఏదైనా చేయొచ్చు. ‘కమాండ్’ అని పెడితే పాస్‌వర్డ్ లేనివాళ్ళు మామూలుగా బూట్ చేసుకోవచ్చు, అంతకు మించి దేన్నీ ముట్టుకోలేరు. ‘ఫుల్’ అంటే బూట్ చేయడానికి కూడా పాస్‌వర్డ్ కావాలి. ‘కమాండ్’ అనే మధ్య మెట్టును గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నేను ప్రతిపాదిస్తున్న మొదటి సెషన్. ఉబుంటు ఉన్న ఒక మెషిన్, లేదా వర్చువల్ మెషిన్. ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కితే, పాత బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకుంటే, గ్రబ్ మెనూ వస్తుంది. పై వరస మీద నిలబడి ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ నొక్కించండి. పదీ పదిహేను లైన్ల చిన్న స్క్రిప్ట్ తెరుచుకుంటుంది. అందులో ‘లినక్స్’ అని మొదలయ్యే లైను ఒకటుంటుంది. కెర్నెల్ ఫైలు ఎక్కడుందో, రూట్ ఫైల్‌సిస్టమ్ ఏ పార్టిషన్‌లో ఉందో అక్కడే రాసి ఉంటుంది. చివర్లో ఈ మూడు మాటలు కనిపిస్తాయి: ‘ఆర్ఓ’, ‘క్వైట్’, ‘స్ప్లాష్’. ఆ కింది లైను ‘ఇనిట్‌ఆర్‌డీ’, అంటే అసలు డిస్కు చేతికి అందేదాకా కెర్నెల్‌కు కావాల్సిన డ్రైవర్లు, స్క్రిప్టులు. ఇక్కడ ఏం మార్చినా ఆ ఒక్కసారికే. డిస్కు మీది ఫైలు చెక్కుచెదరదు, రీబూట్ చేస్తే మళ్ళీ యథాప్రకారం. ల్యాబ్ ఇన్‌ఛార్జులు గాభరా పడాల్సిన పని లేదు.

ముందు ‘క్వైట్’, ‘స్ప్లాష్’ చెరిపించి కంట్రోల్, ఎక్స్ నొక్కించండి. లోగో స్థానంలో కెర్నెల్ మాట్లాడటం మొదలుపెడుతుంది. మెమరీ ఎంత ఉందో, ప్రాసెసర్లు ఎన్నో, ఏ డిస్కు దొరికిందో, ఏ ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయిందో వరసగా పైకి పాకుతూ పోతుంది. మీ సిలబస్‌లోని మెమరీ మేనేజ్‌మెంట్, ఫైల్ సిస్టమ్స్ యూనిట్ల పేర్లు పిల్లలు మొదటిసారి నిజం మెషిన్ నోట వింటారు. ‘ఆర్ఓ’ ఎందుకుందని అడగండి. డిస్కును ముందు చదవడానికి మాత్రమే తెరిచి, అవసరమైతే చెక్ చేసి, ఆ తర్వాతే రాయడానికి తెరుస్తారన్న జవాబు దగ్గరికి వాళ్ళే వస్తారు.

రెండోసారి అదే లైను చివర, సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీకి రెస్క్యూ టార్గెట్ చెప్పించండి. గ్రాఫిక్స్ లేకుండా, నెట్‌వర్క్ లేకుండా, మరమ్మతుకు సరిపడా మాత్రం లేస్తుంది.

మూడోసారి ‘ఆర్ఓ’ను ‘ఆర్‌డబ్ల్యూ’గా మార్చి, దాని పక్కన ‘ఇనిట్’ విలువగా బాష్ షెల్ పాత్ రాయించండి. ఈసారి లాగిన్ అడగదు, పాస్‌వర్డ్ అడగదు. నేరుగా రూట్ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ‘ఎకో’ అని కొట్టి, పక్కన రెండు డాలర్ గుర్తులు పెట్టి ఎంటర్ నొక్కమనండి. 1 అని వస్తుంది. ప్రాసెస్ నంబర్ 1! ఫోర్క్, ఎగ్జెక్ గురించి సెమిస్టరంతా చెప్పిన ప్రాసెస్ చెట్టుకు వేరు ఇదేనని, ఆ వేరు స్థానంలో ప్రస్తుతం తాము తెరిచిన షెల్ కూర్చుందని అప్పుడు అర్థమవుతుంది. ఆపైన ‘ఎగ్జిట్’ కొట్టించండి. ఇనిట్‌ను చంపబోయారంటూ కెర్నెల్ ప్యానిక్ తెర నిండా పరుచుకుంటుంది. దీన్ని వర్చువల్ మెషిన్‌లోనే చేయిస్తే ఎవరికీ నష్టం లేదు. ఒకటో ప్రాసెస్ ఎందుకు చావకూడదో ఏ పాఠ్యపుస్తకమూ ఇంత గట్టిగా చెప్పలేదు.

ఇక్కడ మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. పాస్‌వర్డ్ లేకుండా రూట్ దొరికే మార్గం రెండో సంవత్సరం పిల్లలకు మనమే నేర్పిస్తే ల్యాబ్ గతేమిటి?

న్యాయమైన ప్రశ్నే. ముందుగా, ఆ మార్గం ప్రతి రెండో యూట్యూబ్ వీడియోలో ఉంది. తెలుసుకోవాలనుకున్న పిల్లలకు తెలుసు. తెలియనిది తాళం వేయాల్సిన వాళ్ళకు. ఎన్నో ల్యాబుల్లో విండోస్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, ఉబుంటుకు పాస్‌వర్డ్ ఉంటుంది, గ్రబ్ మెనూ బార్లా తెరిచి ఉంటుంది. తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అన్నట్టు.

గ్రబ్‌లోనే దీనికి ఏర్పాటుంది. సూపర్‌యూజర్ పేరు ఒకటి పెట్టి, దానికి పాస్‌వర్డ్‌ను పీబీకేడీఎఫ్2 పద్ధతిలో హ్యాష్ చేసి కాన్ఫిగరేషన్‌లో రాయొచ్చు. అయితే ఇందులో ఒక మెలిక. సూపర్‌యూజర్‌ను పెట్టిన క్షణం నుంచి గ్రబ్ మెనూలోని ప్రతి వరసకూ పాస్‌వర్డ్ అడుగుతుంది, మామూలుగా బూట్ చేయడానికి కూడా. కరెంటు పోయి వచ్చాక 60 మెషిన్ల ముందు తిరిగి 60 సార్లు పాస్‌వర్డ్ కొట్టలేక ల్యాబ్ అసిస్టెంట్ ఆ ఏర్పాటునే తీసేస్తాడు. మెనూ ఎంట్రీకి ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ అనే ఒక్క మాట చేర్చి ఉంటే సరిపోయేది. ఎవరైనా బూట్ చేసుకుంటారు. ‘ఈ’ నొక్కి మార్చాలన్నా, కమాండ్ లైన్‌లోకి వెళ్ళాలన్నా మాత్రం పాస్‌వర్డ్ కావాలి. సన్ వాళ్ళ మధ్య మెట్టు ఇదే. కాలేజీ ల్యాబ్‌కు సరిగ్గా సరిపోయేదీ ఇదే.

అంతటితో అయిపోతుందా? పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయనిస్తే గ్రబ్ పాస్‌వర్డ్ పక్కనుంచే వెళ్ళిపోవచ్చు. కాబట్టి ఫర్మ్‌వేర్ సెటప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ బూట్ ఆపాలి. మూత విప్పి డిస్కు తీసుకుపోయేవాడికి అదీ అడ్డు కాదు; అక్కడ ఎన్‌క్రిప్షన్ ఒక్కటే కాపాడుతుంది. ఒక్కో తాళం ఎవరిని ఆపుతుంది, ఎవరిని ఆపదు అని లెక్కగట్టడమే సెక్యూరిటీ చదువు. దానికి బూట్ లోడర్‌ను మించిన పాఠం నాకు తోచదు.

తాళంలోనే లోపం ఉంటే? అదీ జరిగింది. 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెక్టర్ మార్కో, ఇస్మాయెల్ రిపోల్ ఒక సంగతి బయటపెట్టారు. గ్రబ్ యూజర్ పేరు అడిగే చోట బ్యాక్‌స్పేస్ కీ 28 సార్లు నొక్కితే, పాస్‌వర్డ్ సంగతి అటుంచి, రెస్క్యూ షెల్ తెరుచుకునేది. ఖాళీగా ఉన్న పేరులో నుంచి ఇంకా చెరపబోతే లెక్క సున్నా కిందికి జారి, మెమరీలో తనది కాని చోట రాయడం మొదలయ్యేది. 2009 నాటి 1.98 వెర్షన్ నుంచి ఆ ఏడాది దాకా ఉన్న లోపం అది. ఆరేళ్ళు! ఇంటిజర్ అండర్‌ఫ్లో అంటే ఏమిటో మొదటి సంవత్సరం సీ క్లాసులో చెప్పేటప్పుడు ఈ కథ చెప్పండి. ఏ పిల్లా, ఏ పిల్లాడూ మరిచిపోరు.

ల్యాబులు పోటీ పరీక్షల కేంద్రాలుగా మారే రోజుల్లో అన్నీ బిగించేయండి, కాదనను. పాత ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ కూడా కంప్యూటర్ మీద రాసే కాలం. కానీ పరీక్ష రోజు వేసిన తాళం ఏడాది పొడవునా ఉంచేస్తే ఆ ల్యాబ్‌లో నేర్చుకునేది తక్కువ, కాపలా ఎక్కువ.

సెక్యూర్ బూట్ గురించి కూడా ఒక మాట. లినక్స్ పెట్టాలంటే ముందు సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలని మన దగ్గర ఒక ఆనవాయితీ స్థిరపడిపోయింది. అక్కర్లేదు. పెద్ద డిస్ట్రిబ్యూషన్లు షిమ్ అనే చిన్న ప్రోగ్రాంకు మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుంటాయి. ఫర్మ్‌వేర్ షిమ్‌ను నమ్ముతుంది, షిమ్ గ్రబ్‌ను, గ్రబ్ కెర్నెల్‌ను సరిచూసి వదులుతాయి. డిజిటల్ సిగ్నేచర్ మీద క్రిప్టోగ్రఫీ పేపరులో పేజీలు పేజీలు రాయిస్తున్నాం. అది నడుస్తున్న చోటు మాత్రం ఆఫ్ చేయమంటున్నాం. ఈ ఏర్పాటులో ఇబ్బందులు లేవని కాదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఒకటి పాత షిమ్‌ల నమ్మకాన్ని రద్దు చేసింది. రెండు సిస్టమ్‌లూ ఉన్న మెషిన్లను వదిలేస్తామన్నారు గానీ, అలాంటివి చాలా దొరికిపోయి, లినక్స్ వైపు లేవకుండా సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అంటూ ఆగిపోయాయి. 2011లో జారీ అయిన మూల సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది కూడా. మన మెషిన్ ఏది నమ్మి లేవాలో నిర్ణయించే తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలన్న చర్చ ఇంజనీరింగ్ క్లాసులో జరగకపోతే ఇంకెక్కడ జరుగుతుంది?

బోధన సంగతి పక్కన పెట్టినా, ల్యాబ్ నడపడానికి కూడా ఇది పనికొస్తుంది. పొద్దున విండోస్ మీద క్యాడ్ క్లాసు, మధ్యాహ్నం లినక్స్ మీద ఓఎస్ ల్యాబ్ ఉన్న చోట ప్రతి మెషిన్ ముందు నిలబడి బాణం కీ నొక్కే మనుషుల్ని చూస్తుంటాం. గ్రబ్‌లో డిఫాల్ట్‌ను ‘సేవ్డ్’ అని పెట్టుకుని, ‘గ్రబ్-రీబూట్’ కమాండ్‌కు విండోస్ ఎంట్రీ పేరిస్తే మరుసటి ఒక్క బూట్ మాత్రం విండోస్‌లోకి వెళ్ళి, ఆ తర్వాత మళ్ళీ లినక్స్‌కు వస్తుంది. నెట్‌వర్క్ మీద ఒకే చోట కూర్చుని ల్యాబంతా చేయొచ్చు. పేరు బదులు అంకె ఇస్తే మెనూలో ఒక వరస పెరిగిన రోజు గురి తప్పుతుంది. అంకె ఇచ్చినా లెక్క సున్నా నుంచి అని మరవొద్దు. 2021 నాటి 2.06 వెర్షన్ నుంచి గ్రబ్ పక్క ఆపరేటింగ్ సిస్టమ్‌లను తనంతట తాను వెతకడం మానేసింది. మెనూలో విండోస్ మాయమైందంటే చాలాసార్లు కారణం అదే. ఆ వెతికే పని చేసే ఓఎస్-ప్రోబర్ సెట్టింగ్ ఒక లైను మార్చి మెనూను మళ్ళీ తయారు చేయించాలి. బూట్ అవుతుండగా కరెంటు పోయి వచ్చాక ఉబుంటు మెషిన్లు మెనూ దగ్గర అర నిమిషం ఆగితే వైరస్ అనుకోకండి. కిందటిసారి బూట్ సజావుగా పూర్తికాలేదని గ్రబ్ గుర్తుపెట్టుకుని, మీరేమైనా చేస్తారేమోనని 30 సెకన్లు ఎదురుచూస్తోంది.

రెండో సెషన్ మరమ్మతు. ఒక వర్చువల్ మెషిన్‌లో గ్రబ్ మెనూ ఫైలు పేరు మార్చి రీబూట్ చేస్తే ఉత్త ‘గ్రబ్’ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ‘ఎల్ఎస్’ కొట్టి డిస్కులు చూడాలి. గ్రబ్‌లో డిస్కుల లెక్క సున్నా నుంచి, పార్టిషన్ల లెక్క ఒకటి నుంచి. ఈ తిరకాసు దగ్గర అందరూ ఒకసారి తడబడతారు. ఏ పార్టిషన్‌లో కెర్నెల్ ఉందో ట్యాబ్ కీ సాయంతో వెతకాలి. రూట్ చెప్పి, లినక్స్ లైను చేత్తో రాసి, ఇనిట్‌ఆర్‌డీ చెప్పి, ‘బూట్’ అనాలి. మెషిన్ లేచాక మెనూ ఫైలును మళ్ళీ తయారు చేయాలి. పరీక్ష కూడా అదే పెట్టండి: లేవని మెషిన్ ఒకటి ఇచ్చి, అర గంట టైమిచ్చి, లేపమనండి. ఈ పరీక్షలో పక్కవాడి రికార్డు చూసి రాయడం కుదరదు. ఒక్కో మెషిన్‌లో ఒక్కో చోట చెడగొట్టొచ్చు మరి.

ఖర్చు మాట వస్తుందేమో. క్యూఈఎంయూ, వర్చువల్‌బాక్స్ ఉచితం. వర్చువల్ మెషిన్‌లో యూఈఎఫ్ఐ కావాలంటే ఓవీఎంఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. నిజం మెషిన్లే కావాలంటే మీ కాలేజీల స్టోర్ రూములు చూడండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది, టీపీఎం 2.0 లేక విండోస్ 11కు ఎక్కలేని పీసీలు స్క్రాప్ టెండరు కోసం కాచుకుని ఉంటాయి. చెడగొట్టి బాగుచేసే చదువుకు అవి దివ్యంగా పనికొస్తాయి. నేర్పేవాళ్ళు కావాలంటే మా వృత్తిలో ఉన్నవాళ్ళం హైదరాబాద్‌లోనే వేలమందిమి ఉన్నాం. శనివారం పూట పిలిచి చూడండి, రానివాళ్ళు తక్కువ.

వచ్చే రెగ్యులేషన్ కోసం బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చున్నప్పుడు ఓఎస్ ల్యాబ్ జాబితాలో రెండు లైన్లు చేర్చండి. ఒకటి, గ్రబ్ మెనూలో కెర్నెల్ పారామీటర్లు మార్చి సిస్టమ్‌ను మూడు విధాలుగా బూట్ చేయుట. రెండు, చెడిన బూట్ లోడర్‌ను సరిచేసి, దానికి పాస్‌వర్డ్ రక్షణ కల్పించుట. చోటు లేదంటే షెడ్యూలింగ్ ప్రోగ్రాముల్లో ఒకటి తీసేయండి. ఎఫ్‌సీఎఫ్‌ఎస్ తీసేసినా ఎవరికీ నష్టం లేదు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్